522వ ఫీల్డ్ ఆర్టిలరీ బెటాలియన్: వేరే దళాల రికార్డుల్లో చెల్లాచెదురైపోయిన చరిత్ర

రెండో ప్రపంచ యుద్ధం గురించి కాస్త చదివిన వాళ్ళకి 442వ రెజిమెంటల్ కాంబాట్ టీమ్ పేరు ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది. అమెరికాలో పుట్టిన జపాన్ సంతతి కుర్రాళ్ళతో కట్టిన దళం అది, దాని సైజుకి, యుద్ధంలో ఉన్న కాలానికి అన్నేసి పతకాలు అమెరికన్ ఆర్మీలో ఇంకో దళానికి రాలేదని చెప్తారు. కానీ ఆ దళంలోనే ఫిరంగులు లాక్కుంటూ తిరిగిన 522వ ఫీల్డ్ ఆర్టిలరీ బెటాలియన్ గురించి అడిగితే చాలామందికి తెలిసేది ఒక్క ముక్కే, జర్మనీలో నాజీలు ఖైదీల్ని పెట్టి చంపిన డాకౌ క్యాంపుని విడిపించింది వీళ్ళేనట కదా అని. ఆ ముక్క కూడా ఉన్నదున్నట్టు నిజం కాదు, అలాగని అబద్ధమూ కాదు. ఎందుకలా అయిందో అర్థం కావాలంటే ముందు ఫిరంగి బెటాలియన్ అనేది ఎలా పనిచేస్తుందో, దాని చరిత్ర ఎవరి ఖాతాలో రాస్తారో చూడాలి.

ఇన్‌ఫాంట్రీ వాళ్ళు, అంటే తుపాకులతో నడిచి పోరాడే కాల్బలం, ఒక కొండ పట్టుకుంటే ఆ కొండ పేరు వాళ్ళ చరిత్రలో ఉంటుంది, తేదీతో సహా. ఆ కొండ మీద శత్రువు తల ఎత్తకుండా చేసినవాళ్ళు ఐదారు కిలోమీటర్ల వెనక ఏ తోటలోనో గుంటలు తవ్వుకుని ఉంటారు, వాళ్ళు ఆ కొండని కళ్ళతో చూసి కూడా ఉండరు. రిపోర్ట్‌లో వాళ్ళ గురించి "ఆర్టిలరీ సపోర్ట్ ఇచ్చింది" అని ఒక లైన్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఏ ఫిరంగి దళానికైనా ఈ బాధ ఉంటుంది గానీ, 522 విషయంలో అది ఇంకో మెట్టు పైకి పోయింది, ఎందుకంటే యుద్ధం చివర్లో వీళ్ళని సొంత రెజిమెంట్ నుంచి విడదీసి వేరేవాళ్ళకి అప్పగించారు.

ముందు లెక్కలు చూద్దాం. అప్పటి అమెరికన్ ఆర్మీలో లైట్ ఫీల్డ్ ఆర్టిలరీ బెటాలియన్ అంటే 500 పైచిలుకు మనుషులు, ఫిరంగులున్న బ్యాటరీలు, అంటే ఫిరంగి జట్లు, మూడు, ఎ, బి, సి అని, ఒక్కో దాంట్లో నాలుగు ఫిరంగులు, మొత్తం 12. ఇవి కాక హెడ్‌క్వార్టర్స్ బ్యాటరీ, సర్వీస్ బ్యాటరీ, మెడికల్ టీమ్. మన ఇండియన్ ఆర్మీలో ఇలాంటి దళాన్ని బెటాలియన్ అనరు, ఫీల్డ్ రెజిమెంట్ అంటారు, గోల్కొండ దగ్గరున్న ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగ్ అయిన గన్నర్లు వెళ్ళి చేరేది అలాంటి రెజిమెంట్లలోనే, కాబట్టి ఆర్మీలో మనవాళ్ళు ఎవరైనా ఉన్న ఇళ్ళల్లో ఈ సంగతి కొత్తేం కాదు. 522 వాళ్ళ ఫిరంగి 105 మిల్లీమీటర్ల ఎం2ఎ1 హోవిట్జర్, బరువు రెండు టన్నుల పైనే, లారీ వెనక తగిలించి లాక్కెళ్ళాలి, దాని గుండు సుమారు 15 కిలోలు, 11 కిలోమీటర్ల దాకా కొడుతుంది.

ఒక్క గుండు ఎలా వెళ్తుందో దగ్గర్నుంచి చూస్తే ఈ బెటాలియన్ సంగతి సగం అర్థమవుతుంది. ముందు వరసలో ఇన్‌ఫాంట్రీతో పాటు పాకుతూ వెళ్ళే ఒక ఆర్టిలరీ ఆఫీసరు ఉంటాడు, ఫార్వర్డ్ అబ్జర్వర్ అంటారు, ఆయనతో రేడియో మోసేవాళ్ళూ టెలిఫోన్ వైరు పరిచేవాళ్ళూ కొద్దిమంది. ఆయనకి జర్మన్ మెషిన్ గన్ కనపడగానే మ్యాప్ మీద ఆ చోటు చూసుకుని వెనక్కి చెప్తాడు. అది నేరుగా ఫిరంగి దగ్గరికి పోదు, మధ్యలో ఫైర్ డైరెక్షన్ సెంటర్ అని ఒక టెంటో, ఏ ఇంటి నేలమాళిగో ఉంటుంది, అక్కడ పెన్సిళ్ళు, స్కేళ్ళు, చార్టులు, స్లైడ్ రూల్ లాంటి లెక్కల పట్టీలు పెట్టుకుని కూర్చున్న కుర్రాళ్ళు దూరం ఎంత, దిశ ఎంత, ఫిరంగికీ లక్ష్యానికీ ఎత్తులో తేడా ఎంత, గాలి ఎటు, మందు ఎంత చల్లగా ఉంది, ఇవన్నీ కలిపి రెండు మూడు అంకెల్లోకి కుదించి బ్యాటరీకి అందిస్తారు. ఫిరంగి దగ్గర ఇంకో టీమ్, వాళ్ళకి "చార్జ్ ఐదు" అని వస్తే తూటా కేసులోంచి ఆరో నంబరు, ఏడో నంబరు మందు సంచులు తీసి పక్కన పడేసి మిగతా ఐదూ ఉంచి గుండు బిగిస్తారు, మొత్తం ఏడు సంచులు ఉంటాయి, ఎంత దూరం కొట్టాలో దాన్నిబట్టి ఎన్ని ఉంచాలో. మొదటి గుండు పడ్డాక అబ్జర్వర్ "కుడికి 100, దగ్గరికి 200" అని సవరణ చెప్తాడు, మళ్ళీ లెక్క, మళ్ళీ గుండు. కుదిరాక 12 ఫిరంగులూ ఒకేసారి.

ఈ ఫైర్ డైరెక్షన్ సెంటర్ పద్ధతిని 1930లలో ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్ ఆర్టిలరీ స్కూల్లో కార్లోస్ బ్రూవర్, ఆయన తర్వాత ఓర్లాండో వార్డ్ అనే ఆఫీసర్లు తయారు చేసారు. అంతకుముందు ఏ బ్యాటరీకి ఆ బ్యాటరీ కమాండరే కొండెక్కి తన కళ్ళతో చూసి తన నాలుగు ఫిరంగులనే నడిపించుకునేవాడు. లెక్క అంతా ఒకచోటికి తెచ్చేసరికి ఒక్క అబ్జర్వర్ మాటకి మొత్తం బెటాలియన్, అవసరమైతే పక్క బెటాలియన్లు కూడా ఒకే లక్ష్యం మీద కొట్టగలిగాయి, వేర్వేరు చోట్ల ఉన్న ఫిరంగుల గుండ్లన్నీ ఒకే క్షణంలో పడేలా టైమ్ కలిపేవాళ్ళు కూడా. జర్మన్లు అమెరికన్ ఆర్మీలో బాగా భయపడింది ఆర్టిలరీకే అని యుద్ధ చరిత్రకారులు ఊరికే రాయలేదు. ఈ పద్ధతికి కావలసింది ధైర్యంతో పాటు లెక్కలు వచ్చిన మనుషులు, గబగబా తప్పు లేకుండా కూడికలూ తీసివేతలూ చేసేవాళ్ళు. 522లో అలాంటివాళ్ళకి కరువు లేదు, హైస్కూల్ పూర్తి చేసినవాళ్ళు, కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చినవాళ్ళు బోలెడుమంది.

ఆ కుర్రాళ్ళు ఎక్కడినుంచి వచ్చారన్నది ఇంకో కథ, అది చెప్పకుండా ఈ దళం చరిత్ర లేదు.

1941 డిసెంబర్ 7న హవాయిలోని పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ మీద సంతకం పెట్టాడు, దాంతో పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ సంతతి వాళ్ళందర్నీ, సుమారు 1,20,000 మందిని, ఇళ్ళూ పొలాలూ షాపులూ వదిలించి ముళ్ళకంచెల మధ్య క్యాంపుల్లో పెట్టారు. అందులో మూడింట రెండొంతులు అమెరికాలో పుట్టిన అమెరికన్ పౌరులే. విచారణ లేదు, నేరారోపణ లేదు, జపాన్ మొహం ఉంటే చాలు. రెండో తరం కుర్రాళ్ళని, నిసెయి అంటారు వాళ్ళని, మిలిటరీ డ్రాఫ్ట్ లిస్టులో, అంటే సైన్యంలోకి తప్పనిసరిగా పిలిచే లిస్టులో, శత్రుదేశస్తుల కేటగిరీలోకి మార్చేసారు. హవాయిలో మాత్రం జపాన్ సంతతి వాళ్ళు జనాభాలో మూడో వంతుకు పైగా ఉన్నారు కాబట్టి అందర్నీ క్యాంపుల్లో పెడితే ఆ దీవుల్లో పనే నడవదు, అక్కడ కొద్దిమందినే పట్టుకెళ్ళారు.

ఏడాది తిరిగేలోపే, 1943 ఫిబ్రవరి 1న, అదే రూజ్‌వెల్ట్ అమెరికన్ అవడం అనేది జాతిని బట్టో వంశాన్ని బట్టో వచ్చేది కాదని ప్రకటన ఇచ్చి నిసెయి దళానికి ఓకే చెప్పాడు. హవాయిలో సుమారు 10,000 మంది ముందుకొచ్చారు, 2,600 మంది దాకా తీసుకున్నారు. మెయిన్‌లాండ్, అంటే హవాయి దీవులు కాని అసలు అమెరికా, అక్కడి క్యాంపుల నుంచి వచ్చినవాళ్ళు వెయ్యి పైచిలుకే, అంతకు మించి ఎందుకు రాలేదని అడగడం అన్యాయం, అమ్మానాన్నల్ని కంచె లోపల పెట్టి తుపాకీ పట్టుకుని కాపలా కాస్తున్న సైన్యంలోనే చేరమంటే ఏ కొడుకైనా ఆలోచిస్తాడు. చేరినవాళ్ళు చెప్పిన కారణం చాలావరకు ఒకటే, రక్తం ఇస్తే తప్ప మమ్మల్ని నమ్మరు అని.

ట్రైనింగ్ మిసిసిపీ రాష్ట్రంలోని క్యాంప్ షెల్బీలో. మూడు ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లు, ఒక ఇంజనీర్ కంపెనీ, ఒక బ్యాండు, ఒక ఆర్టిలరీ బెటాలియన్, అదే 522. కమాండర్ లెఫ్టినెంట్ కల్నల్ బాయా హారిసన్, తెల్ల ఆఫీసరు, పై ఆఫీసర్లు చాలావరకు తెల్లవాళ్ళే. మొదట్లో హవాయి కుర్రాళ్ళకీ మెయిన్‌లాండ్ కుర్రాళ్ళకీ అస్సలు పడలేదు, రోజూ కొట్లాటలే. హవాయి వాళ్ళది కలివిడి, చేతిలో డబ్బు నిలవదు, మాట్లాడేది దీవుల యాస ఇంగ్లీషు, వీళ్ళేమో ముభావంగా ఉండి జీతం అంతా ఇంటికి పంపేవాళ్ళు, పిసినారులని హవాయి వాళ్ళ కోపం. చివరికి హవాయి కుర్రాళ్ళని బస్సుల్లో ఆర్కన్సాలో ఉన్న రోవర్, జెరోమ్ క్యాంపులకి విజిట్‌కి తీసుకెళ్ళారు. కంచె, వాచ్ టవర్, తుపాకీ గార్డు, లోపల తారు కాగితం కప్పిన బరాక్ షెడ్లు, వాటిలో కుటుంబాలు. ఈ పక్కన మంచం వేసుకునే కుర్రాడు డబ్బు పంపే ఇల్లు ఇదీ అని తెలిసాక గొడవలు ఆగిపోయాయని తర్వాత సెనేటర్ అయిన డానియల్ ఇనోయె కూడా చాలాసార్లు చెప్పారు.

1944 మేలో అట్లాంటిక్ దాటారు, జూన్ 26న ఇటలీలో సువెరెతో అనే ఊరి దగ్గర మొదటి పోరాటం. ఇటలీ సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రోమ్‌కి ఉత్తరాన కొండల మీద కొండలు, ఒక్కో కొండ మీద జర్మన్ అబ్జర్వర్లు, జూలై మొదట్లో 140వ నంబరు కొండ కోసం రోజుల తరబడి కొట్టుకున్నారు, తర్వాత ఆర్నో నది దాకా. అప్పటికి ఇటలీలో మన ఇండియన్ డివిజన్లు కూడా ఉన్నాయి, మద్రాస్ శాపర్స్ అనే ఇంజనీర్ దళం వాళ్ళు మోంటె కసినో కొండ దగ్గర దారులు వేసారు, అదే కసినో దగ్గర 442లో తర్వాత కలిసిపోయిన 100వ నిసెయి బెటాలియన్ వాళ్ళూ చాలామందిని పోగొట్టుకున్నారు. 522 గన్నర్లు పని నేర్చుకుంది ఇటలీలోనే, ఫోర్ట్ సిల్ పాఠాన్ని బురదలో, రాత్రిపూట, లైట్ లేకుండా చేయడం అలవాటైంది.

అసలు పరీక్ష ఫ్రాన్స్‌లో, వోజ్ పర్వతాల అడవుల్లో, 1944 అక్టోబర్‌లో. ఇక్కడ ఆర్టిలరీ కష్టం ఏంటో కొంచెం ఆగి చూడాలి. దట్టమైన పైన్ చెట్లు, పొగమంచు, వాన. అబ్జర్వర్‌కి పదిహేను ఇరవై గజాలు దాటి కనపడదు, గుండు ఎక్కడ పడిందో చూసి కాదు, చప్పుడు విని చెప్పాల్సి వచ్చేది. జర్మన్ గుండ్లు నేల మీదికి రాకముందే చెట్టు కొమ్మలకి తగిలి పేలేవి, ఇనప ముక్కలతో పాటు చెక్క పేళ్ళు పైనుంచి వర్షంలా పడతాయి, మామూలుగా గుండు వస్తే నేలకి కరుచుకోవాలి, ఇక్కడ పడుకుంటే వీపు మొత్తం పైకి అప్పజెప్పినట్టే. ఇదే ప్రమాదం 522 కొట్టే గుండ్లకీ ఉంటుంది, సొంత ఇన్‌ఫాంట్రీ తలల మీదుగా కొడుతున్నప్పుడు పొడుగాటి చెట్టు మధ్యలో అడ్డొస్తే ఆ పేలుడు సొంతవాళ్ళ మీదే. అందుకే లెక్కలో చిన్న పొరపాటుకి కూడా చోటు లేదు.

బ్రుయేర్ ఊరు పట్టుకున్నాక రెస్ట్ ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ పిలిచారు. 36వ డివిజన్ అనే పెద్ద దళానికి చెందిన 141వ రెజిమెంట్‌లో మొదటి బెటాలియన్, టెక్సాస్ వాళ్ళు, అక్టోబర్ 24కల్లా అడవిలో ఒక గుట్ట మీద జర్మన్ల మధ్య ఇరుక్కుపోయారు. సొంత రెజిమెంట్ వెళ్ళి తేలేకపోయింది. వాళ్ళకి తిండి అందించడానికి విమానాల నుంచి సరుకు జారవిడిచారు, ఫిరంగి గుండ్లలో పేలుడు మందు తీసేసి చాక్లెట్లు పెట్టి కొట్టడం కూడా చేసారు. 442ని లోపలికి పంపారు, అక్టోబర్ 30న చేరుకుని 211 మందిని బయటికి తెచ్చారు. 185 మంది దాకా ఉన్న ఐ కంపెనీలో నిలబడగలిగినవాళ్ళు ఎనిమిది మంది మిగిలారు, కె కంపెనీలో పదిహేడుమంది. 36వ డివిజన్‌ని నడిపిన జనరల్ డాల్‌క్విస్ట్ పట్ల నిసెయి సైనికుల కోపం యుద్ధం అయిపోయాక కూడా చల్లారలేదు, అది న్యాయమైన కోపమే, వరసగా పగలూ రాత్రీ ముందుకి తోయడం తప్ప ఆ అడవిలో ఏం జరుగుతుందో ఆయన పట్టించుకున్న గుర్తులు తక్కువ.

ఆ పోరాటంలో ఇన్‌ఫాంట్రీ పక్కనే నడిచిన 522 అబ్జర్వర్లలో సుసుము ఇటో అనే లెఫ్టినెంట్ ఉన్నాడు. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో 1919లో పుట్టాడు, కౌలు రైతు కుటుంబం, మెకానిక్ పని నేర్చుకున్నాడు, పెర్ల్ హార్బర్ కంటే ముందే డ్రాఫ్ట్‌లో ఆర్మీకి వచ్చాడు. అమ్మానాన్నలు, చెల్లెళ్ళు రోవర్ క్యాంపులో. ముందు వరసలోకి వెళ్ళొద్దని అమ్మ ఉత్తరాల్లో బతిమాలుతుంటే తను చేస్తున్నది అదే పని అని చెప్పలేదు. అమ్మ పంపిన సెన్నిన్‌బరి, అంటే వెయ్యిమంది ఆడవాళ్ళు తలో ముడి కుట్టిన నడికట్టు గుడ్డ, మడత పెట్టి జేబులో ఉంచుకున్నాడు. ఇంకో జేబులో అగ్ఫా కెమెరా. కెమెరాలు ఉంచుకోకూడదని రూల్, కానీ ఇటో యుద్ధం పొడుగునా వేల ఫోటోలు తీసాడు, ఆగి ఉన్న లారీ, బట్టలు ఉతుక్కుంటున్న గన్నర్లు, మంచులో ఫిరంగి, పీసా టవర్ దగ్గర నవ్వుతున్న కుర్రాళ్ళు. ఆఫీసు రిపోర్ట్‌లు పట్టించుకోని రోజువారీ బతుకంతా ఆ నెగటివ్‌లలో ఉంది.

వోజ్ తర్వాత ఆ చలికాలం ఫ్రాన్స్, ఇటలీ సరిహద్దు కొండల్లో కాస్త నెమ్మదిగా గడిచింది, నీస్ నగరం దగ్గర కదా, సైనికులు దాన్ని షాంపేన్ క్యాంపెయిన్ అని పిలుచుకున్నారు. 1945 మార్చిలో దారులు వేరయ్యాయి. ఇటలీలో గోథిక్ లైన్ అనే జర్మన్ల రక్షణ వరస బద్దలు కొట్టడానికి 442 ఇన్‌ఫాంట్రీ కావాలని ఐదో ఆర్మీ అడిగింది, వాళ్ళు ఓడెక్కి ఇటలీ వెళ్ళిపోయారు. 522ని మాత్రం వదల్లేదు, జర్మనీలోకి చొరబడబోతున్న ఏడో ఆర్మీకి ఫిరంగులు కావాలి, కాబట్టి ఈ 12 హోవిట్జర్లు ఉత్తరానికి. మార్చి 12కల్లా సార్ నది ఒడ్డున క్లైన్‌బ్లిటర్స్‌డార్ఫ్ దగ్గర 63వ డివిజన్‌కి తోడుగా నిలబడి జర్మనీ సరిహద్దు రక్షణ వరస అయిన సీగ్‌ఫ్రీడ్ లైన్ మీద కాల్చడం మొదలుపెట్టారు. జర్మనీ గడ్డ మీద పోరాడిన ఒకే ఒక్క నిసెయి దళం ఇదే.

అక్కడినుంచి మే నెల దాకా ఈ బెటాలియన్‌కి సొంతిల్లు లేదు. ఈ వారం ఒక డివిజన్‌కి, వచ్చేవారం ఇంకో డివిజన్‌కి. ఊళ్ళో ఒకటే ట్రాక్టర్ ఉంటే అందరి పొలాలూ అదే దున్నుతుంది, పంట మాత్రం ఎవరి పేరు మీద వాళ్ళదే పడుతుంది, 522 పరిస్థితి అచ్చం అదే. జర్మన్లు వెనక్కి పరిగెడుతున్నారు, ఫిరంగులు దింపి నాలుగు గుండ్లు కొట్టేలోపు ముందున్న దళం రేంజ్ దాటి వెళ్ళిపోతుంది, మళ్ళీ లారీకి తగిలించు, మళ్ళీ పరుగు. రైన్ దాటి, డాన్యూబ్ దాటి బవేరియాలోకి. ఇలాంటి పరుగులో ఆర్టిలరీ వాళ్ళే ముందు చూసేవాళ్ళవుతారు, తర్వాత ఫిరంగులు ఎక్కడ దింపాలో చూడటానికి చిన్న చిన్న స్కౌట్ టీమ్‌లు జీపుల్లో మెయిన్ దళానికంటే ముందే వెళ్ళిపోతుంటాయి. ఏప్రిల్ చివర్లో వీళ్ళ కంట క్యాంపులు పడటానికి కారణం అదే.

ఇక్కడ డాకౌ అనే పేరు దగ్గర చాలామంది తడబడతారు. మ్యూనిక్ పక్కన ఉన్న మెయిన్ క్యాంపు ఒకటి, దాని కింద దక్షిణ జర్మనీ అంతా పరుచుకున్న ఉప క్యాంపులు వందకు పైగా. వాటిలో పెద్ద గుంపు లాండ్స్‌బర్గ్ దగ్గర కౌఫరింగ్ క్యాంపులు, మొత్తం 11, ఎక్కువమంది యూదులు, నేలలోపల విమానాల ఫ్యాక్టరీలు కట్టించడానికి తెచ్చి సగం భూమిలో పాతేసిన గుడిసెల్లో ఉంచి చచ్చేదాకా పని చేయించారు. నాలుగో నంబరు క్యాంపు హుర్లాఖ్‌లో, అమెరికన్లు వచ్చేలోపు క్యాంపులు నడిపిన నాజీ దళం ఎస్‌ఎస్ వాళ్ళు గుడిసెలకి నిప్పు పెట్టారు, అక్కడికి ఏప్రిల్ 27న ముందు వచ్చింది 12వ ఆర్మర్డ్ డివిజన్. మెయిన్ క్యాంపు గేటు దగ్గరికి ఏప్రిల్ 29న చేరింది 42వ, 45వ ఇన్‌ఫాంట్రీ డివిజన్లు, 20వ ఆర్మర్డ్ వాళ్ళు కూడా తోడు, లోపల 30,000 మందికి పైగా ఖైదీలు. 522 స్కౌట్లు ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల ఉప క్యాంపులని చూసారు, గేట్లు తెరిచారు, అది వాళ్ళ మాటల్లోనూ బతికి బయటపడ్డ ఖైదీల మాటల్లోనూ ఉంది. మెయిన్ క్యాంపుని మొదట విడిపించింది మాత్రం వాళ్ళు కాదు.

వాళ్ళ పని బాగా స్పష్టంగా దొరికేది మూడు నాలుగు రోజుల తర్వాత. అమెరికన్లు వస్తున్నారని ఏప్రిల్ 26న డాకౌ నుంచి 7,000 మందికి పైగా ఖైదీలని, ఎక్కువమంది యూదులని, దక్షిణాన టెగర్న్‌జే సరస్సు వైపు నడిపించుకుపోయారు. నడవలేనివాళ్ళని దారిలోనే కాల్చేసారు. మే 2న వాకిర్షెన్ ఊరి దగ్గర గార్డులు వీళ్ళని వదిలేసి పారిపోయారు, ముందు రాత్రి మంచు కురిసింది, చారల బట్టల్లో మనుషులు పొలాల్లో మంచు కింద పడున్నారు. ఆ దారినే వచ్చిన 522 వాళ్ళు మంచు గుట్టలనుకున్నవి మనుషులని తెలిసి ఒక్కొక్కర్నీ లేపి చూసారు, బతికున్నవాళ్ళని కొట్టాల్లోకీ ఇళ్ళల్లోకీ మోసుకెళ్ళారు. దగ్గరున్న రేషన్ ఇచ్చారు, తర్వాత తెలిసింది నెలల తరబడి ఎండిపోయిన పేగులకి ఒక్కసారిగా తిండి పెడితే అదే ప్రాణం తీస్తుందని, విడుదలైన క్యాంపులన్నిట్లో అలా పోయినవాళ్ళున్నారు, ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టొద్దని చెప్పడం ఆ కుర్రాళ్ళకి ఎంత నరకంగా ఉండిందో ముసలితనంలో కూడా చెప్పుకున్నారు.

ఆ మంచులో ఉన్నవాళ్ళలో ఒకడు సాలీ గానోర్, లిథువేనియాకి చెందిన యూదు కుర్రాడు. తన ముందు జపాన్ మొహంతో ఒక సైనికుడు వంగేసరికి జర్మన్ల స్నేహితులైన జపాన్ వాళ్ళొచ్చి చంపేస్తారనుకున్నాడు. ఆ సైనికుడు 522కి చెందిన క్లారెన్స్ మత్సుమురా. ఇంకో సంగతి కూడా ఉంది, 1939 డిసెంబర్‌లో కౌనాస్‌లో తన పిన్ని కొట్లో గానోర్‌కి పరిచయమైన జపాన్ దౌత్యవేత్త చియునె సుగిహారా, తర్వాతి ఏడాది తన ప్రభుత్వం వద్దన్నా 2,000కి పైగా వీసాలు రాసిచ్చి యూదుల్ని కాపాడిన మనిషి. గానోర్ కుటుంబానికి ఆ దారి అందలేదు. గానోర్, మత్సుమురా మళ్ళీ కలిసింది 1992లో, ఇజ్రాయెల్‌లో.

సొంతవాళ్ళు అమెరికాలో కంచె లోపల ఉండగా జర్మనీలో కంచెలు తెరిచిన సైనికులు వీళ్ళు. రెండు రకాల క్యాంపులూ ఒకటే అనడం తప్పు, ఆర్కన్సాలో గ్యాస్ చాంబర్లు లేవు. ఆ తేడా మరవకుండానే ఒకటి ఒప్పుకోవాలి, ఒక దేశం తన పౌరుల్ని పుట్టుక చూసి వేరుచేస్తే ఏమవుతుందో రెండు చివర్ల నుంచీ చూసిన దళం ఇంకోటి దొరకడం కష్టం.

మరి ఇంత జరిగితే విముక్తి దళాల లిస్టులో 522 పేరు ఎందుకు లేదు? దీనికి కుట్రలేవీ వెతకక్కర్లేదు. అమెరికన్ ఆర్మీ చరిత్ర విభాగం, వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియం కలిసి పెట్టుకున్న రూల్ ప్రకారం గుర్తింపు ఇచ్చేది డివిజన్ స్థాయిలో, మొదట చేరిన డివిజన్, లేదా 48 గంటల లోపు అక్కడికి చేరిన డివిజన్. డివిజన్ అంటే 14,000 మంది. 500 మంది ఉన్న బెటాలియన్, అదీ ఏ డివిజన్‌కీ సొంతం కానిది, ఆ జల్లెడలోంచి జారిపోతుంది. దానికి తోడు ఆ రోజుల్లో దానికి వచ్చిన ఆర్డర్లు, పంపిన రిపోర్ట్‌లు ఏ డివిజన్‌తో తిరిగితే ఆ డివిజన్ కాగితాల్లో పడ్డాయి. ఫిరంగి దళం డైరీలో రాసేది కూడా ఫలానా టైమ్‌కి ఫలానా చోట పొజిషన్, ఇన్ని గుండ్లు అని, జీపులో ముందుకెళ్ళిన నలుగురు దారిలో ఏం చూసారన్నది ఆ ఫారంలో గడి లేని విషయం. సైనికులు కూడా ఇళ్ళకొచ్చాక దశాబ్దాలు నోరు విప్పలేదు. 1980ల నుంచి ఇంటర్వ్యూలు రికార్డ్ చేయడం మొదలయ్యాక బయటికొచ్చింది ఇదంతా, అప్పటికి నలభై ఏళ్ళు, ఊరి పేర్లూ తేదీలూ కలగలిసిపోయాయి, అన్ని క్యాంపులూ కలిసి "డాకౌ" అయిపోయాయి, కొన్ని పత్రికలు దాన్ని ఇంకాస్త పెంచి మెయిన్ గేటు తెరిచింది నిసెయిలే అని రాసేసాయి.

అభిమానంతో చేసిన ఆ పెంపకం 522కి మంచి చేయలేదు. మెయిన్ గేటు క్లెయిమ్ తేలిగ్గా కొట్టేయొచ్చు, 42, 45 డివిజన్ల కాగితాలు గంటలతో సహా ఉన్నాయి, అది కొట్టేసిన ఊపులో వాకిర్షెన్ మంచులో చేసిన పనిని కూడా అనుమానించేవాళ్ళు తయారయ్యారు. వాకిర్షెన్‌కి మాత్రం సాక్ష్యం గట్టిది, సి బ్యాటరీ వాళ్ళు తీసిన ఫోటోలు ఉన్నాయి, జపాన్ మొహాలున్న అమెరికన్ సైనికుల్ని గుర్తుపెట్టుకున్న బాధితుల వాంగ్మూలాలు ఉన్నాయి, దళం ఆ రోజు ఆ దారిలో ఉందని కదలికల లెక్కా కుదురుతుంది. ఎవరు ముందు అనే పోటీలోకి లాగకుండా ఈ ముక్కని ఈ ముక్కగా చెప్తే చాలు.

యుద్ధం ముగిసాక కొన్ని నెలలు డోనావర్త్ ఊళ్ళో కాపలా డ్యూటీ, రోడ్ల మీద చెక్‌పోస్టులు, పారిపోతున్న నాజీల కోసం సోదాలు. 1945 చివరికి ఇళ్ళకి బయల్దేరారు. వెనక్కొచ్చిన కొంతమందికి ఇల్లే లేదు, పొలం వేరేవాడి చేతుల్లోకి పోయింది, కాలిఫోర్నియా ఊళ్ళల్లో యూనిఫాం మీద పతకాలు ఉన్నా క్షవరం చేయం పొమ్మన్న సెలూన్‌లు ఉన్నాయి. 1946 జూలై 15న ప్రెసిడెంట్ ట్రూమన్ వాషింగ్టన్ వానలో 442ని స్వయంగా రివ్యూ చేసి మీరు శత్రువుతోనే కాదు, వివక్షతోనూ పోరాడి గెలిచారని అన్నాడు. గెలుపు అంత తొందరగా రాలేదు, క్యాంపులు తప్పేనని ప్రభుత్వం క్షమాపణ చెప్పి బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది 1988 చట్టంతో. 442, 100వ బెటాలియన్, మిలిటరీ ఇంటెలిజెన్స్ నిసెయిలకి కలిపి కాంగ్రెషనల్ గోల్డ్ మెడల్ ఇచ్చింది 2011 నవంబర్‌లో, అప్పటికి చాలామంది పోయారు, మిగిలినవాళ్ళు వీల్‌చైర్లలో వచ్చారు.

సుసుము ఇటో సైనికుల చదువు స్కీమ్‌లో కాలేజీకి వెళ్ళి, కణాల మీద పరిశోధన చేసి, హార్వర్డ్ మెడికల్ స్కూల్లో ప్రొఫెసర్ అయ్యాడు, రిటైర్ అయ్యాక కూడా మైక్రోస్కోప్ వదల్లేదు. తన నెగటివ్‌లన్నీ లాస్ ఏంజెలెస్‌లోని జపనీస్ అమెరికన్ నేషనల్ మ్యూజియంకి ఇచ్చేసాడు, 2015లో వాళ్ళు ఎగ్జిబిషన్ పెట్టారు, అదే ఏడాది సెప్టెంబర్‌లో 96 ఏళ్ళ వయసులో పోయాడు. ఈ బెటాలియన్ జర్మనీ రోజుల చరిత్ర పూర్తిగా కూర్చాలంటే ఆ ఫోటోల్లో కనపడే ఊళ్ళని, 63వ డివిజన్‌తో మొదలుపెట్టి వరసగా వీళ్ళు తోడు తిరిగిన ప్రతి డివిజన్ ఆర్టిలరీ కాగితాలతో తేదీ తేదీ పక్కపక్కన పెట్టి సరిచూడాలి.